రాత్రి ఎనిమిదిన్నర కాల్, ఇంట్లో చిన్నపిల్ల: మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

కొండాపూర్_వాసి

అందరికీ నమస్కారం. ఇక్కడ ఐటీలో ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా క్లయింట్ డాలస్‌లో. వాళ్లకు పొద్దున 9 గంటలకు స్టాండప్, అంటే టీమ్ అంతా పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకునే రోజువారీ కాల్. వేసవిలో అది మనకు సాయంత్రం 7:30. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పగానే 8:30 అయింది. మార్చి రెండో ఆదివారం దాకా ఇంతే. కాల్ పేరుకు అరగంట. అయ్యాక "ఒక్క ఐదు నిమిషాలు ఉంటారా" అని ఇంకోటి మొదలవుతుంది. ల్యాప్‌టాప్ మూసేసరికి పదకొండు. పొద్దున పదింటికి ఇక్కడి టీమ్‌తో మళ్లీ కాల్.

మా పాపకు ఐదేళ్లు. అది అన్నం తిని, కథ చెప్పించుకుని పడుకునేది సరిగ్గా ఆ గంటలోనే. మా ఆవిడ స్కూల్ టీచర్, తెల్లవారుజామున లేవాలి. ఇన్నాళ్లూ అమ్మ తెనాలి నుంచి వచ్చి మాతో ఉంది కాబట్టి బండి నడిచింది. నాన్నకు అక్కడ ఒక్కడికీ కష్టంగా ఉందని, సంక్రాంతి అయ్యాక వెళ్తానంటోంది. అది న్యాయమే.

ఉద్యోగం మారమని మాత్రం చెప్పకండి. ఇంటి లోన్ ఉంది, పైగా చేస్తున్న పని నాకు ఇష్టం. ఇదే ఉద్యోగంలో ఉంటూ సాయంత్రాలు వెనక్కి తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఏం చేశారో వివరంగా చెప్పండి. "టైమ్ మేనేజ్‌మెంట్ నేర్చుకో" లాంటి సలహాలు చాలా విన్నాను.

గుండ్లకమ్మ

మాది ఒంగోలు, బ్యాంకు ఉద్యోగం. బయటివాళ్లు నాలుగింటికి కౌంటర్ మూశారంటే మేం ఇంటికి వెళ్లిపోయామనుకుంటారు. క్యాష్ టాలీ, రోజువారీ రిపోర్టులు, రికవరీ ఫోన్లు అన్నీ అప్పుడే మొదలవుతాయి. మార్చి నెలాఖరు సంగతి చెప్పక్కర్లేదు.

2015 సెప్టెంబర్ నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవిచ్చారు. ఆ రెండు శనివారాలు మా ఇంటిని ఎంత మార్చాయో మాటల్లో చెప్పలేను. వారానికి ఐదు రోజులే పని చేస్తామని, బదులుగా రోజూ 40 నిమిషాలు ఎక్కువ ఉంటామని 2024 మార్చిలో యూనియన్లు, బ్యాంకుల సంఘం ఒప్పందం రాసుకున్నాయి. ప్రభుత్వం ఒప్పుకుంటే అమలవుతుందని అన్నారు. నేనైతే ఆ 40 నిమిషాలు సంతోషంగా ఇస్తాను. సెలవు ఎప్పుడో ముందే తెలిస్తే ఊరెళ్లొచ్చు, అమ్మను డాక్టర్‌కి చూపించొచ్చు. ఎప్పుడు దొరుకుతుందో తెలియని ఖాళీతో ఏ పనీ పెట్టుకోలేం.

మీ సమస్యలో నాకు కనిపించింది కూడా అదే. 8:30 కాల్ కంటే ఆ తర్వాత వచ్చే "ఐదు నిమిషాలే" మిమ్మల్ని ఎక్కువ తినేస్తోంది. దానికి ముగింపు ఎప్పుడో మీకే తెలియడం లేదు.

టెక్సాస్_తెలుగు

కొండాపూర్ అన్నా, నేను అటువైపు మనిషిని. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను, వేరే క్లయింట్. ఇక్కడి నుంచి చూస్తే ఏమవుతుందో చెప్తాను.

మా మేనేజర్‌కి ఇండియాలో ఎంతయిందో నిజంగా తెలియదు. చెడ్డవాడు కాదు. క్యాలెండర్లో 9 ఖాళీగా కనిపించింది, పెట్టేశాడు. ఆఫ్‌షోర్ టీమ్, అంటే ఇండియాలో ఉన్నవాళ్లు, మూడేళ్లుగా ఒక్క మాట అనలేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదనుకున్నాడు. ఒకరోజు నేనే స్క్రీన్ మీద రెండు గడియారాలు పక్కపక్కన పెట్టి చూపించాను. ఆ వారమే కాల్‌ని మా టైమ్ 7:30కి మార్చాడు. ఇక్కడ చాలామంది పిల్లల్ని స్కూల్లో దింపాలి కాబట్టి రోజూ కుదరదన్నారు. వారంలో మూడు రోజులు పొద్దున 7:30, రెండు రోజులు 9 అని తేలింది. 7:30 అంటే ఈ చలికాలంలో మీకు రాత్రి 7. కాల్ అయ్యాక కూడా పాప మేలుకునే ఉంటుంది.

మనవాళ్లు అడగరు. అడిగితే పని ఎగ్గొట్టాలని చూస్తున్నారనుకుంటారేమోనని భయం. ఇక్కడివాళ్లు మాత్రం "సాయంత్రం ఐదు తర్వాత మా అబ్బాయికి బేస్‌బాల్ ఉంది, కుదరదు" అని మొహమాటం లేకుండా చెప్తారు. దాన్ని ఎవరూ తప్పుగా తీసుకోరు. మీరు కూడా "ఆ గంట మా పాపది" అని అదే గొంతుతో చెప్పండి.

రాకెట్_స్పీడ్

నేను వేరేగా ఆలోచిస్తాను, ఎవరూ ఏమీ అనుకోకండి. వయసు 25. రాయదుర్గంలో ఒక చిన్న స్టార్టప్. రోజుకు పన్నెండు గంటలు పనిచేస్తాను, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఎవరూ బలవంతపెట్టలేదు. నెల్లూరు జిల్లాలో ఒక పల్లెటూరు నుంచి వచ్చాను. మా నాన్న చేపల చెరువు దగ్గర రాత్రీ పగలూ కాపలా ఉండి నన్ను చదివించాడు. ఆయనకు వీకెండ్ అంటే ఏమిటో తెలియదు. ఈ రెండు మూడేళ్లలో నేర్చుకున్నది నన్ను పదేళ్లు ముందుకు తీసుకెళ్తుందని నమ్ముతున్నాను. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు అన్నప్పుడు అందరూ తిట్టారు. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

నిమ్మచెట్టు

@రాకెట్_స్పీడ్ తమ్ముడూ, నీ కష్టం మీద నాకు గౌరవం ఉంది. మీ నాన్నగారి మీద ఇంకా ఎక్కువ. కానీ నువ్వు పన్నెండు గంటలు పనిచేసి రూమ్‌కి వచ్చేసరికి హాస్టల్లో భోజనం ఉంటుంది. మీ నాన్నగారు చెరువు దగ్గర ఉన్నప్పుడు ఇంట్లో మీ అమ్మగారు ఉన్నారు. ఒక మనిషి 70 గంటలు బయట పనిచేయగలుగుతున్నాడంటే, ఇంట్లో ఇంకొకరు ఆ మనిషి వంతు పని కూడా చేస్తున్నారన్నమాట. ఆ గంటలు ఎవరూ లెక్కపెట్టరు.

అయితే 2024లో కేంద్ర గణాంక శాఖ లెక్కపెట్టింది. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు 88. అంటే ఐదు గంటలకు కాస్త తక్కువ, గంటన్నర. అది కూడా ఆ పని చేసేవాళ్ల సగటు. చాలా ఇళ్లలో మగవాళ్లు ఆ 88 నిమిషాల లెక్కలోకి కూడా రారు.

నేను టెస్టింగ్‌లో ఉన్నాను. మా ఆయనదీ ఐటీనే. ఇద్దరికీ రాత్రి కాల్స్. కాల్ మధ్యలో మ్యూట్ పెట్టి కుక్కర్ కట్టేసి వచ్చేది నేను. ఆయన తలుపేసుకుని గదిలో కూర్చుంటారు. నేను వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుంటాను. ఆయన మంచివాడే, అడిగితే ఏ పనైనా చేస్తారు. అడగాల్సి రావడమే నాకు అలసట. పాలవాడికి డబ్బులు, స్కూల్ డైరీలో సంతకం, గ్యాస్ బుకింగ్, బాబుకు వేయాల్సిన తర్వాతి టీకా, అత్తయ్యగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి... ఇవన్నీ నా ఒక్కదాని బుర్రలోనే ఉంటాయి. ఆఫీసు పని ల్యాప్‌టాప్ మూస్తే కాసేపైనా ఆగుతుంది. ఇది నిద్రలో కూడా తిరుగుతూనే ఉంటుంది.

కొండాపూర్ గారూ, మీరు పాప కథ గురించి బాధపడటం నాకు నచ్చింది. మీ అమ్మగారు వెళ్లాక ఆ ఇంటి పనులు ఎవరి మీద పడతాయో కూడా ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. టీచర్‌కి సాయంత్రం ఖాళీ అనుకోవద్దు, పేపర్లు దిద్దుకోవాలి.

వార్డ్_నంబర్_4

నేను విశాఖలో నర్సుని. ఐటీ గురించి తెలియదు, కానీ డ్యూటీ అయ్యాక ఫోన్ మోగకుండా ఉండటం ఎలాగో మాకు తెలుసు. చదువుతుంటే చెప్పాలనిపించింది.

మాకు మూడు షిఫ్ట్‌లు. షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్ ఇవ్వకుండా కదలడానికి వీల్లేదు. కొత్తగా డ్యూటీకి వచ్చిన సిస్టర్‌ని వెంటబెట్టుకుని ఒక్కో మంచం దగ్గరికీ వెళ్తాం. సెలైన్ ఎంత మిగిలింది, యాంటీబయాటిక్ తర్వాతి డోసు ఎన్నింటికి, ఏ రక్తపరీక్ష రిపోర్టు ఇంకా రావాలి, డాక్టర్‌కి ఏ సంగతి చెప్పాం, ఆయన ఏమన్నారు, రోగి తరఫున ఎవరున్నారు, ఏ విషయంలో కంగారు పడుతున్నారు. అన్నీ పుస్తకంలో రాసి, నోటితో చెప్పి, ఇద్దరం సంతకం పెడతాం. ఇరవై మంచాలున్న వార్డుకు ఇరవై నిమిషాలు పడుతుంది. సరిగ్గా ఇచ్చిన రోజు ఇంటికి ఫోన్ రాదు. "సిస్టర్, 12వ బెడ్ ఆయనకు ఇంజెక్షన్ ఇచ్చారా" అని ఫోన్ వచ్చిందంటే, పుస్తకంలో ఆ లైను లేదన్నమాట.

మీ కాల్ అయ్యాక ఉండిపొమ్మంటున్నారు కదా, వాళ్లు అడిగేదేమిటో ఒకసారి గమనించండి. సాయంత్రమే రాసి పెడితే సరిపోయేవి అందులో ఎన్ని?

నిద్ర గురించి కూడా ఒక మాట. పదకొండింటికి స్క్రీన్ మూసి వెంటనే పడుకోవాలంటే నిద్ర రాదు. కాల్ కోసమని రాత్రి ఏడెనిమిదికి టీ, కాఫీ తాగితే అందులో సగం పడుకునే వేళకు కూడా ఒంట్లోనే ఉంటుంది. ఆ ఒక్క కప్పు మానేసి చూడండి. పెద్దవాళ్లకు ఏడు గంటల నిద్ర కావాలి. నైట్ డ్యూటీల వల్ల నిద్ర చెడటం మాకెలాగూ తప్పదు. మీకు తప్పించుకునే దారి ఉన్నప్పుడు వదులుకోకండి.

పటాన్‌చెరు_రిటైర్డ్

సిస్టర్ గారు చెప్పింది చదివి మా రోజులు గుర్తొచ్చాయి. మాది ఫ్యాక్టరీ. పొద్దున 6 నుంచి 2, 2 నుంచి రాత్రి 10, 10 నుంచి 6. సైరన్ మోగితే మిషన్ తర్వాతివాడికి అప్పగించి లాగ్‌బుక్‌లో రాసి బయటపడేవాళ్లం. ఓటీ (ఓవర్‌టైమ్) చేస్తే రెట్టింపు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది: రోజుకు 9 గంటలు, వారానికి 48 దాటకూడదు, దాటితే రెట్టింపు జీతం. మా కోసం అంతకుముందు తరం కొట్లాడి సాధించింది అది.

మా అబ్బాయి ఇప్పుడు మణికొండలో ఉంటూ ఐటీలో చేస్తున్నాడు. జీతం నేను రిటైరైనప్పటికంటే చాలా రెట్లు. కానీ వాడికి సైరన్ లేదు. భోజనం మధ్యలో ఫోన్ చూసుకుంటాడు. ఇంటికి వచ్చాక కూడా ఇంటికి రాలేదు వాడు. ఏమైనా అంటే "మీకు తెలియదు నాన్నా" అంటాడు. నిజమే, నాకు తెలియదు. కానీ ఆరోగ్యం ఏమవుతుందో అని బెంగ.

రాకెట్_స్పీడ్

@నిమ్మచెట్టు అక్కా, మీరన్న మాట నేను ఎప్పుడూ ఆలోచించలేదు. నిన్న రాత్రి అమ్మకు ఫోన్ చేసి, నాన్న చెరువు దగ్గర ఉన్నప్పుడు నీ రోజు ఎలా ఉండేదని అడిగాను. చాలాసేపు మాట్లాడింది. పని మీద నా అభిప్రాయం ఇంకా అదే, ఇప్పుడు నాకు నేర్చుకునే వయసు. కానీ పెళ్లయి పిల్లలున్న మా సీనియర్‌ని నాతో పోల్చి "వాడు ఉంటున్నాడు, నువ్వెందుకు ఉండవు" అని మా లీడ్ అంటుంటే నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. ఆయన ఆరింటికి వెళ్లిపోతారు, ఆయన కోడ్‌లో తప్పులు నా కోడ్ కంటే చాలా తక్కువ.

బెజవాడ_లెక్చరర్

కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో పనిచేసేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేనే రాస్తున్నాను. పొద్దున స్టడీ అవర్, తర్వాత క్లాసులు, సాయంత్రం మళ్లీ స్టడీ అవర్. రాత్రి తొమ్మిదింటికి హాస్టల్ పిల్లల డౌట్లు. ఆదివారం వీక్లీ టెస్ట్, దాని ఇన్విజిలేషన్. ఏప్రిల్, మే వస్తే అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగాలి. ఇతరుల పిల్లల ర్యాంకుల కోసం పరుగెత్తుతూ సొంత కొడుకు ఏ పాఠంలో ఉన్నాడో తెలియకుండా ఒక ఏడాది గడిచింది నాకు. నిరుడు ఆ కాలేజీ వదిలేసి చిన్న కాలేజీకి మారాను. జీతం మూడో వంతు తగ్గింది. కారు అమ్మేశాం. నాకు ఆ నిర్ణయం మీద ఏ విచారమూ లేదు, కానీ లోన్లు ఉన్నవాళ్లకు ఇది చెయ్యమని చెప్పలేను. కొండాపూర్ గారు ఉద్యోగం మారమని చెప్పొద్దన్నారు, అది నేను అర్థం చేసుకోగలను.

డెలివరీ_మేనేజర్

నేను మీలో చాలామంది తిట్టుకునే కుర్చీలో ఉన్నాను. హైదరాబాద్ నుంచి మూడు టీమ్‌లు చూస్తాను, రెండు అమెరికాకు, ఒకటి లండన్‌కు. సిస్టర్ గారి హ్యాండోవర్ మాట దగ్గరే అసలు విషయం ఉంది. దాన్ని మా పనిలోకి ఎలా తెచ్చామో చెప్తాను.

ముందు ఒక వారం పాటు రాత్రి కాల్స్‌లో ఏం జరుగుతోందో పక్కన కూర్చుని రాసుకున్నాను. ఒక స్టాండప్‌లో 14 మంది. ఒక్కొక్కరు రెండు నిమిషాలు మాట్లాడతారు. మిగతా సమయమంతా మ్యూట్‌లో తమ వంతు కోసం ఎదురుచూడటమే. చెప్పేది కూడా "నిన్న ఇది చేశాను, ఇవాళ అది చేస్తాను" అని, అది టికెట్‌లో, అంటే ఆ పని వివరాలు నమోదయ్యే చోట, ఎలాగూ ఉంటుంది. నిజంగా రెండు వైపులవాళ్లూ మాట్లాడుకోవాల్సిన సంగతులు ఒకటో రెండో ఉంటాయి. వాటికి ఇద్దరు ముగ్గురు చాలు.

అప్పటి నుంచి సాయంత్రం 6:30కి ప్రతి ఒక్కరూ తమ టికెట్‌లో నాలుగు లైన్లు రాయాలని పెట్టాం. ఎక్కడిదాకా వచ్చింది, ఏది ఆగింది, ఎవరి నుంచి ఏం కావాలి, ప్రొడక్షన్‌లో (జనం వాడుతున్న సిస్టమ్‌లో) ఏదైనా పగిలితే ముందుగా ఎక్కడ చూడాలి. నాలుగో లైన్ చాలా ముఖ్యం. రాత్రి పదింటికి మనిషిని లేపేది అది లేకపోవడమే. అమెరికా వాళ్లు పొద్దున అది చదివి, ప్రశ్నలుంటే అక్కడే రాస్తారు. మనవాళ్లు మర్నాడు పొద్దున జవాబిస్తారు. రోజుకు ఒకరు మాత్రమే రాత్రి కాల్‌లో ఉంటారు, వంతులవారీగా. ఆ మనిషి మర్నాడు మధ్యాహ్నం 12కి వస్తే చాలు.

మొదటి నెల గొడవే. "మాట్లాడితే రెండు నిమిషాల్లో అయిపోయేదానికి రాయడమెందుకు" అన్నారు మా సీనియర్లే. అవతలివాళ్లు కూడా ఒప్పుకోలేదు, ముందు ఒకే ఒక ప్రాజెక్టులో చేసి చూపించాను. రిలీజ్ వారంలో ఇది పనిచేయదు, అప్పుడు అందరూ ఉండాల్సిందే. అది ముందే క్యాలెండర్లో ఉంటుంది కాబట్టి ఇంట్లో చెప్పుకుని సర్దుకోవచ్చు.

ఒక్కడే మేనేజర్ దగ్గరికి వెళ్లి "నాకు కుదరదు" అంటే అది ఒకరి సొంత సమస్యగా చూస్తారు, అప్రైజల్ దాకా గుర్తుంటుంది. టీమ్‌లో నలుగురైదుగురు కలిసి "కాల్ ఇలా మారిస్తే పని ఇలా నడుస్తుంది" అని కాగితం మీద పెట్టి తీసుకెళ్లండి. కాదనడం కష్టం. నాకు వచ్చినవాటిలో అలా వచ్చిన ఏ ప్రతిపాదననూ నేను కనీసం ప్రయత్నించకుండా వదల్లేదు.

నిమ్మచెట్టు

డెలివరీ మేనేజర్ గారి నాలుగు లైన్లు చదివి ఇవాళ మా ఇంట్లో ఒక పని చేశాను. ఫ్రిజ్ మీద కాగితం అంటించి, నా బుర్రలో ఉన్న పనులన్నీ రాశాను. రాస్తుంటే మా ఆయన పక్కనే నిలబడి చూశారు. సగం పనులు ఉన్నాయనే ఆయనకు తెలియదు. తర్వాత పెన్ను తీసుకుని టీకాలు, అత్తయ్యగారి మందులు, గ్యాస్, కరెంటు బిల్లు వీటి పక్కన తన పేరు రాసుకున్నారు. "గుర్తుచెయ్యి, చేస్తాను" అని కాకుండా, గుర్తుపెట్టుకోవడం కూడా ఆయనదే అని ఒప్పందం. వంట ఇంకా నాదే. దాని సంగతి ఈ ఆదివారం మాట్లాడతాం.

లేబర్_లా

ఇందాకటి నుంచి చూస్తున్నాను, చట్టం ఏమంటుందో ఎవరూ అడగలేదు. కొన్ని సంగతులు చెప్తాను.

తెలంగాణలో ఐటీ ఆఫీసులు దుకాణాలు, సంస్థల చట్టం కిందికి వస్తాయి. 1988 నాటిది, ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 అనేది అందులో మూల నియమం. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి వాణిజ్య సంస్థల్లో రోజు పరిమితిని 10 గంటలకు పెంచింది. వార్తల్లో ఆ 10 ఒక్కటే కనిపించింది. వారానికి 48 అన్నది అలాగే ఉంది. 48 దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. ఆరు గంటలు పనిచేశాక అరగంట విరామం ఉండాలి. విరామంతో కలిపి రోజుకు 12 గంటలు దాటకూడదు. ఐటీ సంస్థలకు ఈ చట్టంలో కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఇస్తూ వస్తున్నారు. ఆ మినహాయింపు కూడా షరతులతోనే. వారానికి 48 గంటలు, వారపు సెలవు, రాత్రి పనిచేసే మహిళలకు రవాణా, భద్రత వాటిలో ఉన్నాయి.

మీ లెక్క చూడండి. పొద్దున 10 నుంచి రాత్రి 11 అంటే 13 గంటలు. మధ్యలో ఎంత విరామం తీసుకున్నా, మొత్తం 12 దాటకూడదన్న ఉత్తర్వు ఉద్దేశానికే అది దూరం. నేను మిమ్మల్ని కేసు వేయమనడం లేదు. హెచ్ఆర్‌తో మాట్లాడేటప్పుడు, మీరు అడుగుతున్నది దయ కాదని మీకు తెలిసి ఉండాలి.

ఆఫీసు వేళ దాటాక ఫోన్, మెయిల్‌కి స్పందించకుండా ఉండే హక్కు మన దగ్గర ఇంకా చట్టం కాలేదు. ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ఆ బిల్లు పెట్టారు, 2025 డిసెంబర్‌లో మరోసారి ప్రవేశపెట్టారు. అది ప్రైవేటు సభ్యుల బిల్లు, అంటే మంత్రి కాని సభ్యులు పెట్టేది. అలాంటి బిల్లు మన పార్లమెంటులో చివరిసారి చట్టమైంది 1970లో. కాబట్టి దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి, 50 మందికి పైగా ఉన్న సంస్థలు ఉద్యోగులతో కూర్చుని దీనిపై మాట్లాడాలి. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి అమలైంది.

చిన్నపిల్లలున్న తల్లులకు ఇంకోటి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పటి నుంచి 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థ క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం కల్పించాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. చాలా ఆఫీసుల్లో ఇది ఉందన్న సంగతి కూడా ఉద్యోగులకు చెప్పరు. అడగండి.

వార్డ్_నంబర్_4

పటాన్‌చెరు బాబాయి గారూ, మీ అబ్బాయి గురించి బెంగపడటం ఊరికే కాదు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35-40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి చెప్పాయి. భయపెట్టాలని కాదు. ఒకసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోమనండి. మీరు చెప్తే వినడు, మీరే చూపించుకోవాలని చెప్పి తోడు రమ్మనండి. వచ్చాడంటే వాడికీ అక్కడే చేయించండి. మా దగ్గరికి చాలామంది కొడుకులు అలాగే వస్తారు.

పటాన్‌చెరు_రిటైర్డ్

అలాగేనమ్మా. శనివారం రమ్మంటాను.

కొండాపూర్_వాసి

పదిరోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యమైంది. అందరికీ కృతజ్ఞతలు.

మా టీమ్‌లో ఐదుగురం కలిసి కూర్చున్నాం. ఇద్దరు ఆడవాళ్లు, మియాపూర్ నుంచి వచ్చే ఒక కుర్రాడు, కొత్తగా పెళ్లయిన ఒకాయన, నేను. అందరిదీ ఇదే బాధ, కానీ ఒకరితో ఒకరం ఎప్పుడూ అనుకోలేదు. కాల్ అయ్యాక మమ్మల్ని ఆపి అడిగిన ప్రశ్నలు ఒక వారం రాసుకున్నాం. ఎక్కువ భాగం "ఇది ఏ సర్వర్‌లో ఉంది", "ఆ ఫైల్ ఎవరు పంపాలి" లాంటివే. నాలుగు లైన్ల పద్ధతి, టెక్సాస్ తమ్ముడు చెప్పిన మూడు రోజులు 7:30, వంతులవారీగా రాత్రి కాల్, మూడూ ఒక పేజీలో రాసి మా మేనేజర్‌కి ఇచ్చాం.

అన్నీ ఒప్పుకోలేదు. రెండు రోజులు మాత్రమే వాళ్ల 7:30కి మార్చారు, మంగళ, గురువారాలు. మిగతా మూడు రోజులు 8:30నే, కానీ ఇద్దరం ఉంటే చాలు, తొమ్మిదింటికి కాల్ కట్. తర్వాత ఏదైనా ఉంటే టికెట్‌లో రాయాలి. ఏప్రిల్‌లో మళ్లీ చూద్దామన్నారు. అప్పటికి వాళ్ల గడియారం ముందుకు జరుగుతుంది కాబట్టి 9 గంటల కాల్ కూడా మాకు 7:30 అవుతుంది.

ఇంట్లో కూడా మాట్లాడుకున్నాం. నాకు కాల్ లేని రోజుల్లో రాత్రి వంట, పాపను పడుకోబెట్టడం నావి. ఉన్న రోజుల్లో పొద్దున టిఫిన్, స్కూల్ బస్సు దగ్గర దింపడం నావి. అమ్మ తెనాలి వెళ్తుంది, నెలకోసారి మేమే వెళ్తాం.

ఒక సందేహం మిగిలింది. లేబర్ లా గారూ, ప్రొడక్షన్ సపోర్ట్ కోసం శని, ఆదివారాల్లో ఆన్‌కాల్ వేస్తారు, ఫోన్ వస్తే వెంటనే పని చూడాలి. ఫోన్ రాకపోయినా ఊరు వదిలి వెళ్లకూడదంటారు. దానికి కాంప్ ఆఫ్ (బదులు సెలవు) అడగొచ్చా? తెనాలి వెళ్లాలంటే అదే అడ్డం.

లేబర్_లా

ముందు మీ ఆఫర్ లెటర్, కంపెనీ లీవ్ పాలసీ తీసి ఆన్‌కాల్ గురించి ఏం రాశారో చూడండి. చాలా కంపెనీల్లో ఆన్‌కాల్ అలవెన్స్‌కో, కాంప్ ఆఫ్‌కో నిబంధన ఉంటుంది, ఎవరూ క్లెయిమ్ చేయరు. లేకపోతే మెయిల్‌లో మూడు ప్రశ్నలు అడగండి: ఎన్ని నిమిషాల్లో స్పందించాలి, ల్యాప్‌టాప్, నెట్ ఉంటే వేరే ఊళ్లో ఉండొచ్చా, ఫోన్ వచ్చి పనిచేసిన రోజుకు బదులు సెలవు ఎప్పటిలోగా వాడుకోవాలి. నోటిమాటగా వద్దు, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. రెండో ప్రశ్నకు "ఉండొచ్చు" అని వస్తే మీకు తెనాలి అడ్డం కాదు. వారపు సెలవు రోజున నిజంగా పనిచేయిస్తే బదులు సెలవు అడగడానికి మీకు గట్టి ఆధారమే ఉంది. రోస్టర్ (ఎవరి డ్యూటీ ఎప్పుడో చెప్పే పట్టిక) నెల ముందే ఇమ్మని కూడా అందులోనే రాయండి.

టెక్సాస్_తెలుగు

మా దగ్గర రెండో ప్రశ్నకు "ఉండొచ్చు" అనే జవాబే వచ్చింది అన్నా. మా ఆఫ్‌షోర్ అబ్బాయి ఒకడు నర్సాపురం నుంచే ఆన్‌కాల్ చేస్తాడు. రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకోమనండి, ఊళ్లో ఒకటి పోతే ఒకటి ఉంటుంది.

కొండాపూర్_వాసి

మెయిల్ ఇప్పుడే పంపాను. జవాబు వచ్చాక ఇక్కడే పెడతాను, మిగతావాళ్లకూ పనికొస్తుంది.